386 పందులకు లెక్కేదీ?

ఆ మధ్య ఒక ఆదివారం మాయాబందర్ బజారుకు వెళ్ళాను. పంది మాంసం అమ్మే కుర్రాడి బల్ల దగ్గర ఒక్క మనిషి లేడు. మామూలుగా తొమ్మిదింటికల్లా అతని దగ్గర ఏమీ మిగలదు. కరెన్ వాళ్ళు, రాంచీ వాళ్ళు, మన తెలుగువాళ్ళలో తినేవాళ్ళు, అందరూ అతని దగ్గరే కొంటారు. ఆ రోజు పదకొండు దాటినా సగానికి పైగా మాంసం అలాగే ఉంది. అట్టముక్కతో ఈగలు తోలుకుంటూ కూర్చున్నాడు.

ఏమైందని అడిగితే హిందీలో చెప్పాడు. "అంకుల్, ఫోన్లలో ఏదో వీడియో తిరుగుతోందట. పందుల్లోకి ఆవు జీన్ ఎక్కించి బజార్లోకి వదిలారట. నా పంది వెబి దగ్గర ఒక ఇంట్లో పెంచింది. చెబితే ఎవరూ వినడం లేదు."

ఆ వీడియో నేనూ చూశాను. ఏదో అమెరికా భవనం, ఒక పంది బొమ్మ, భయపెట్టే సంగీతం, చివర్లో పదిమందికి పంపమని హెచ్చరిక. పూర్వం సంతోషిమాత పోస్టుకార్డులు వచ్చేవి. పదిమందికి రాయకపోతే అరిష్టం అని. కార్డు పోయి ఫోను వచ్చింది, అరిష్టం మాత్రం మారలేదు.

సాయంత్రం మా హేతువాద మిత్రులం నలుగురం కలిశాం. మాలో పెద్దాయన, రిటైరైన సైన్సు మాస్టారు, వెంటనే ఒక ఆలోచన చెప్పారు. వచ్చే ఆదివారం నడిబజారులో పొయ్యి పెట్టి, పంది మాంసం వండి, అందరి ముందూ తిందాం అన్నారు. గ్రహణం రోజు చేసినట్టే. మిగిలిన ఇద్దరూ సై అన్నారు. నేను మాత్రం ఒప్పుకోలేదు. "లెక్కలాయనకి భయం పట్టుకుంది" అని మాస్టారు నవ్వారు. ఆయనకు ఆ రోజు సరిగా చెప్పలేకపోయిన జవాబు ఇక్కడ రాస్తున్నాను.

2019 డిసెంబరు 26న సూర్యగ్రహణం పట్టినప్పుడు వీధిలో నిలబడి ఇడ్లీలు తిన్నవాళ్ళలో నేనూ ఒకణ్ణి. అక్కడ ఎదుటివాడి వాదన స్పష్టంగా ఉంది. గ్రహణం వేళ తిండి విషమవుతుంది అంటాడు. తిన్నాం, ఏమీ కాలేదు, వాదన వీగిపోయింది. ఇక్కడ ప్రశ్న అది కాదు. ప్రయోగశాలలో ఉండవలసిన జంతువు తిండి బల్ల మీదికి రాగలదా, లేదా? వెబి దగ్గర పెరిగిన పందిని మనం నలుగురం తిని త్రేన్చినంత మాత్రాన ఈ ప్రశ్నకు జవాబు రాదు. పైగా వీడియో మొత్తం అబద్ధం కాదు. దాని అడుగున ఒక నిజం ఉంది. "అంతా కట్టుకథ" అని మనం మైకులో అరిచాక, ఇంటర్ చదివే ఏ కుర్రాడో వెతికి ఆ నిజాన్ని బయటపెడితే మన మాటకు ఇక విలువేముంటుంది?

ఆ నిజం ఇదీ. అమెరికాలో ఇల్లినాయ్ విశ్వవిద్యాలయంలో పందుల మీద పరిశోధన జరిగింది. తల్లి పందికి పాలు ఎక్కువ పడాలని ఆవుకు చెందిన ఒక జన్యువును, పిల్లల పేగులు బాగా ఎదగాలని మరో కృత్రిమ జన్యువును ఎక్కించారు. ఆ ప్రయోగంలోని జంతువులు ఆహారంలోకి పోకూడదు, నాశనం చేయాలి అన్నది షరతు. 2003 ఫిబ్రవరిలో అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ ఒక ప్రకటన చేసింది. 2001 ఏప్రిల్ నుంచి 2003 జనవరి దాకా ఆ పందులకు పుట్టిన పిల్లలు 386 వరకు ఒక పశువుల వ్యాపారికి అమ్ముడైపోయాయి, ఆహారంలో కలిసి ఉండవచ్చు అని. పరిశోధకులు ఏమన్నారంటే, అమ్మిన పిల్లలకు ఆ జన్యువులు రాలేదు, పరీక్ష చేసే అమ్మాం అన్నారు. ఎఫ్‌డీఏ ఏమన్నదంటే, ఈ మాటను మేం నిర్ధారించలేం, ఎందుకంటే చాలినంత పరీక్షలూ జరగలేదు, చాలినన్ని రికార్డులూ లేవు అన్నది.

ముందుగా వీడియోలోని అబద్ధాల సంగతి చూద్దాం. ఆవు జన్యువు ఉన్న పంది ఆవు అయిపోదు. ఆ జన్యువు చేసే పని ఆల్ఫా లాక్టాల్బుమిన్ అనే పాల ప్రొటీన్ తయారు చేయడం. అది రోజూ పొద్దున్నే మన టీలో పోసుకునే ఆవుపాలలో ఉన్నదే. జన్యువు కడుపులోకి వెళితే మనిషి జన్యువులు మారిపోతాయనేది కూడా తప్పు. వంకాయ తిన్నా, చేప తిన్నా వాటి జన్యువులు మన కడుపులోకి వెళుతూనే ఉన్నాయి. ఇన్నేళ్ళుగా చేపలు తిన్నా నాకు మొప్పలు రాలేదు. ఆ మాంసం వల్ల ప్రజల ఆరోగ్యానికి ముప్పు ఉంటుందని అనుకోవడం లేదని ఎఫ్‌డీఏ కూడా చెప్పింది. ఇరవై ఏళ్ళ కిందట ఇల్లినాయ్‌లో అమ్మిన పందికి, ఇవాళ మాయాబందర్ బల్ల మీద ఉన్న పందికి ఏ చుట్టరికమూ లేదు.

ఇంతవరకు మాస్టారూ నేనూ ఒకటే. "ప్రమాదం లేదు కదా, మరి గొడవేమిటి?" అని ఆయన అక్కడితో ఆగిపోతారు. నేను అక్కడి నుంచే మొదలుపెడతాను.

నేను బి.కాం. చదివినవాణ్ణి. జీవశాస్త్రం హైస్కూలుతో సరి. రక్షణ లెక్కల శాఖలో ముప్పై ఏళ్ళకు పైగా పనిచేశాను. 1984లో ఉత్తరాదిన ఒక మిలిటరీ ఫారం లెక్కలు తనిఖీ చేయడానికి వెళ్ళాను. సైన్యానికి పాలు సరఫరా చేసే ఆ ఫారాలు ఇప్పుడు లేవు, 2021 మార్చితో మూసేశారు. అక్కడ పశువులకు కూడా లెడ్జర్ ఉండేది. ఏడాది మొదట్లో ఉన్నవి ఎన్ని, కొన్నవి ఎన్ని, పుట్టినవి ఎన్ని, చచ్చినవి ఎన్ని, వేలం వేసినవి ఎన్ని, చివరికి మిగిలినవి ఎన్ని. ప్రతి పశువుకూ చెవి నంబరు. నేను కొట్టంలో లెక్కపెడితే రెండు దూడలు తక్కువ వచ్చాయి. అక్కడి గుమాస్తా ముఖం పాలిపోయింది. దొంగతనం అంటగడతారని భయం. అభ్యంతరం రాసి వచ్చాను. మూడు నెలలకు తేలిందేమిటంటే, ఆ రెంటినీ వేరే ఫారానికి పంపారు, ఆ వోచరు పొరపాటున వేరే ఫైల్లో పడింది. అవతలి ఫారం రసీదు దొరికింది, చెవి నంబర్లు కలిశాయి. గుమాస్తా బయటపడ్డాడు.

నేను ఆ రోజు నేర్చుకున్న పాఠం ఏమిటంటే, లెక్క అనేది దొంగను పట్టుకోవడానికి మాత్రమే కాదు. నిజాయితీపరుణ్ణి కాపాడేది కూడా అదే. ఆ దూడల్లో ఏ వింత జన్యువూ లేదు. మామూలు దూడలు. వాటికే అంత లెక్క ఉంది.

ఇల్లినాయ్ శాస్త్రవేత్తలు చెప్పింది నిజమే కావచ్చు. నేను కాదనను. కానీ తల్లిదండ్రుల్లో ఒకరి దగ్గర ఆ జన్యువు ఒక ప్రతి ఉంటే, ప్రతి పిల్లకూ అది వచ్చే అవకాశం సగానికి సగం. బొమ్మా బొరుసా అన్నట్టు. కాబట్టి "వచ్చినవి వేరు చేశాం, రానివే అమ్మాం" అనేవాడు పిల్ల నంబరు, పరీక్ష తేదీ, ఫలితం, అమ్మిన తేదీ, ఈ నాలుగు గడుల రిజిస్టరు బల్ల మీద పెట్టాలి. 386 వరసలు. ఒక పూటలో తేలిపోయే ఆడిట్. ఆ రిజిస్టరు చూపలేకపోయారు గనుక వాళ్ళ మాట నిజమో కాదో ఇప్పటికీ తేలదు.

ఇక్కడే నా మిత్రులతో నా తగాదా. ఒక బాబా గాల్లోంచి విభూతి తీస్తే "చేతులు చూపించు, చొక్కా విప్పు" అంటాం. విశ్వవిద్యాలయం "మా పందులు మంచివి" అంటే మాత్రం చేతులు కట్టుకుని ఊరుకుంటాం. ఆధారం అడగడం బాబాల విషయంలో హేతువాదం, తెల్లకోటు విషయంలో మూర్ఖత్వం అవుతుందా? మాట మీద నమ్మితే అది నమ్మకమే. కాషాయం మీద నమ్మకమైనా తెల్లకోటు మీద నమ్మకమైనా. మన రాజ్యాంగం 51ఎ(హెచ్)లో శాస్త్రీయ దృక్పథంతో పాటు పరిశీలన, ప్రశ్నించే తత్వం కూడా పౌరుడి విధి అని రాసి ఉంది. శాస్త్రవేత్తలను ప్రశ్నించకూడదు అనే మినహాయింపు అందులో నాకు కనపడలేదు.

ఒక్క ఇల్లినాయ్ అయితే పొరపాటు అనుకుందును. వరస చూడండి.

2001లో ఫ్లోరిడా విశ్వవిద్యాలయంలో ప్రయోగం ముగిసి నాశనం చేయవలసిన జన్యుమార్పిడి పందుల కళేబరాలను ఒక ఉద్యోగి దొంగతనంగా పట్టుకుపోయాడు. అవి సాసేజ్‌లుగా మారి జనం కడుపుల్లోకి పోయాయి.

2002లో కెనడాలోని గ్వెల్ఫ్ విశ్వవిద్యాలయంలో 11 జన్యుమార్పిడి పందిపిల్లల కళేబరాలు కాల్చివేయడానికి బదులు, కళేబరాలను ఉడికించి దాణా పొడి చేసే ఫ్యాక్టరీకి వెళ్ళిపోయాయి. కోళ్ళ దాణాలో కలిశాయి.

2004లో అదే కెనడాలో, క్యూబెక్‌లో, మందుగా పనికొచ్చే ప్రొటీన్ కోసం జన్యువులు మార్చిన 3 పందులు కూడా కోళ్ళ దాణాలోకి చేరాయి. రెండేళ్ళ తేడాతో, అదే దేశంలో, అదే దారిలో.

2014లో ఫ్రాన్స్ వ్యవసాయ పరిశోధన సంస్థలో రూబీ అనే పేరున్న ఒక గొర్రెపిల్ల మామూలు గొర్రెలతో కలిసి కబేళాకు పోయి అమ్ముడైంది. దాని తల్లికి జెల్లీఫిష్ నుంచి తీసిన, ఆకుపచ్చగా వెలిగే ప్రొటీన్ జన్యువు ఎక్కించారు. ఆ ప్రొటీన్ మీద పరిశోధనకు 2008లో రసాయన శాస్త్రంలో నోబెల్ వచ్చింది. అంత గొప్ప విజ్ఞానం. గొర్రె దొడ్డి తలుపు దగ్గర మాత్రం లెక్క తప్పింది. లోకానికి ఈ సంగతి 2015 జూన్‌లో గానీ తెలియలేదు.

వీటన్నిట్లో శాస్త్రం ఎక్కడ విఫలమైంది? ఎక్కడా లేదు. జన్యువు చేరవలసిన చోటికి చేరింది. విఫలమైంది గేటు, తాళం, రిజిస్టరు, సంతకం. ఏ ఒక్కదానివల్లా ఎవరూ చనిపోలేదు. ఆ అదృష్టాన్ని మనం "సురక్షితం" అని పిలుచుకుంటున్నాం. పాల ప్రొటీన్ జన్యువు ఉన్న పంది తప్పించుకుంటే పరవాలేదు. మందు తయారు చేసే పంది తప్పించుకుంటే? నొప్పి తెలియకుండా చంపడానికి మత్తుమందు సూది వేసిన కళేబరం తప్పించుకుంటే? అప్పుడు జన్యువు కాదు, సూదిమందే మనిషిని పడగొడుతుంది. పశువులకు వాడిన డైక్లోఫెనాక్ కళేబరాల ద్వారా రాబందుల కడుపుల్లోకి పోయి మన దేశంలో వాటిని దాదాపు తుడిచిపెట్టింది. 2006లో పశువైద్యంలో ఆ మందు నిషేధించే నాటికే ఆలస్యమైపోయింది. చచ్చిన జంతువుతో లెక్క ముగిసిపోదు అనడానికి ఇంతకంటే సాక్ష్యం ఏం కావాలి?

అధికారికంగా చేయడం కుదరదా అంటే, కుదురుతుంది. 2023లో వాషింగ్టన్ స్టేట్ విశ్వవిద్యాలయం వాళ్ళు జన్యు సవరణ చేసిన 5 పందులను ఆహారంగా వాడుకోవడానికి ఎఫ్‌డీఏకు దరఖాస్తు పెట్టి, అనుమతి తెచ్చుకుని, సాసేజ్‌లు చేశారు. ఫ్లోరిడాలోనూ సాసేజే, వాషింగ్టన్‌లోనూ సాసేజే. ఒకటి దొంగసరుకు, ఒకటి లెక్కలో ఉన్న సరుకు. నాకు పెడితే రెండోది తింటాను. మొదటిది తినను. తేడా జన్యువులో లేదు, కాగితంలో ఉంది.

ఇదంతా అమెరికా గోల, మనకెందుకు అనకండి. 2006 తొలి నెలల్లో మన వరంగల్ జిల్లాలో బీటీ పత్తి చేలల్లో మేసిన గొర్రెలు పెద్ద సంఖ్యలో చనిపోయాయని కాపరులు మొత్తుకున్నారు. బీటీ వల్లే అని కొన్ని స్వచ్ఛంద సంస్థలు అన్నాయి. కాదు, పురుగుమందుల అవశేషాలో, మేతలోని నైట్రేట్లో అయి ఉండాలని ప్రభుత్వం వైపు వాళ్ళు అన్నారు. రెండు పక్షాలకూ తమ నమ్మకాలు ఉన్నాయి. ఏ గొర్రె, ఏ చేలో, ఎన్ని రోజులు మేసింది, ఆ చేలో ఏ మందు ఎప్పుడు కొట్టారు, చచ్చిన ఎన్ని గంటలకు పోస్టుమార్టం చేశారు అనే వివరం మందకు మంద చొప్పున రాసి ఉంటే తగాదా అప్పుడే తీరేది. అది లేకపోబట్టే ఇవాళ్టికీ ఎవరి పాట వాళ్ళు పాడుతున్నారు. నష్టం ఎవరికి? నోరున్న రెండు పక్షాలకూ కాదు, గొర్రెలు పోయిన కాపరికి.

ఇక ముందు సంగతి. హైదరాబాద్ సీసీఎంబీలో జన్యుమార్పిడి ఎలుకల మీద పరిశోధన ఎన్నో ఏళ్ళుగా ఉంది. ఎలుకను ఎవరూ కూర వండరు గనుక ఆ బెంగ లేదు. కానీ 2025లో కశ్మీర్ వ్యవసాయ విశ్వవిద్యాలయం దేశంలో మొట్టమొదటి జన్యు సవరణ గొర్రెను సాధించామని ప్రకటించింది. కండ ఎక్కువ పట్టడానికి మయోస్టాటిన్ అనే జన్యువును సవరించారు. మంచి పని, నేను చప్పట్లు కొడతాను. అయితే అది ఎలుక కాదు, గొర్రె. బయటి జన్యువు ఏదీ పెట్టలేదు గనుక చూడ్డానికి మామూలు గొర్రెలాగే ఉంటుంది. అది, దాని పిల్లలు, పిల్లల పిల్లలు ఎక్కడున్నాయో చెప్పగలిగేది ఒక్క రిజిస్టరే.

మనకు చట్టాలు లేక కాదు. పర్యావరణ పరిరక్షణ చట్టం కింద 1989 నియమాలు ఉన్నాయి. ప్రయోగం చేసే ప్రతి సంస్థలో ఒక కమిటీ, పైన ఢిల్లీలో కమిటీలు, జిల్లాలో కలెక్టరు కింద కమిటీ అని రాసి ఉంది. 2006 ఆహార భద్రత చట్టం 22వ సెక్షన్ ప్రకారం జన్యుమార్పిడి ఆహారం అనుమతి లేకుండా అమ్మకూడదు. కానీ పర్యావరణ చట్టం ఉల్లంఘిస్తే ఇంతకు ముందు జైలు ఉండేది. 2023 జన్ విశ్వాస్ చట్టంతో దాన్ని తీసేసి జరిమానా చేశారు, 10 వేల నుంచి 15 లక్షల దాకా. చట్టం పేరు చూడండి, జన విశ్వాసం! నేను లెక్కలవాణ్ణి. కోట్ల ప్రాజెక్టులో 15 లక్షలు "ఇతర ఖర్చులు" పద్దులో సర్దుకుపోతాయని నాకు తెలుసు.

మన ద్వీపాలకు లెక్కల్లేని జంతువుల కథ కొత్త కాదు. మాయాబందర్‌కు పడమర ఇంటర్వ్యూ ద్వీపం ఉంది. 1962లో ఒక కలప కంపెనీ మూతపడి, దుంగలు లాగడానికి తెచ్చిన ఏనుగులను అక్కడ వదిలేసింది. అవి అడవి ఏనుగులయ్యాయి, చెట్ల బెరడు ఒలిచి అడవిని మార్చేశాయి. బ్రిటిష్ వాళ్ళు వేటకు తెచ్చి వదిలిన చుక్కల జింకలు ఇవాళ ఎన్ని దీవుల్లో మొలకలను మేసేస్తున్నాయో అటవీ శాఖ వాళ్ళను అడగండి. వీటిలో ఏ ప్రయోగశాల లేదు, ఏ జన్యుమార్పిడి లేదు. తెచ్చేటప్పుడు రాసుకున్నారు, వదిలేటప్పుడు రాయలేదు. అంతే.

అంచేత మాస్టారికి నేను చెప్పేది ఇది. మనం బజారులో తిని చూపించడం కాదు చేయవలసింది. అడగవలసినవి నాలుగు ఉన్నాయి. ఒకటి, ప్రయోగంలోని ప్రతి పెద్ద జంతువుకూ, దాని పిల్లలకూ, పుట్టుక నుంచి బూడిద దాకా ఒకే నంబరు ఉండాలి. రెండు, నాశనం చేసినట్టు ఇద్దరు సంతకం పెట్టాలి, అందులో ఒకరు ఆ ప్రయోగానికి సంబంధం లేనివారై ఉండాలి. మూడు, ఏడాదికి ఒకసారి బయటి తనిఖీ, చెప్పకుండా వచ్చి కొట్టంలో తలలు లెక్కపెట్టేది. ఆ నివేదిక ప్రజలకు అందుబాటులో ఉండాలి. నాలుగు, తప్పిపోతే ఆ వారంలోనే బయటపెట్టాలి. ఫ్రాన్స్‌లోలాగా నెలల తర్వాత కాదు. ఇవి రాకెట్ శాస్త్రం కాదు. పాల ఫారంలో గుమాస్తాలు చేసిన పనే. సమాచార హక్కు చట్టం 2005 నుంచి మన చేతిలో ఉంది. పది రూపాయల దరఖాస్తు. మైకు అద్దె కంటే చవక.

"ఇలా అడిగితే వీడియోవాళ్ళకు బలం ఇచ్చినట్టు కాదా?" అని మాస్టారు అన్నారు. కాదండీ. వదంతి ఎప్పుడూ ఖాళీ గడిలోకే దూరుతుంది. రిజిస్టరులో అంకె ఉన్న చోట వదంతికి చోటు ఉండదు. ఖాళీ గడులు వదిలినవాళ్ళే వీడియోవాళ్ళకు బలం ఇస్తున్నారు, అడిగేవాళ్ళు కాదు.

తరవాతి ఆదివారం మేం పొయ్యి పెట్టలేదు. మాంసం కుర్రాడికి నేను ఒక పలక కొనిచ్చాను. ఏ ఊరి పంది, ఎవరింట్లో పెరిగింది, ఎన్ని నెలలది, ఎప్పుడు కోశాడు, ఈ నాలుగూ రోజూ రాసిపెట్టమన్నాను. హిందీలో వంకరటింకర అక్షరాలతో రాశాడు. ఇద్దరు ముగ్గురు చదివారు. ఒకావిడ "వాళ్ళింటి పందేనా, నాకు తెలుసు" అని కిలో కొట్టించుకుంది. మధ్యాహ్నానికి మూడొంతులు అమ్ముడైంది. మిగతాది ఉప్పు పెట్టుకున్నాడు.

ఎనిమిదో తరగతితో చదువు ఆపేసిన కుర్రాడు ఒక పందికి లెక్క చెప్పాడు. 386 పందులకు లెక్క చెప్పలేని విశ్వవిద్యాలయాన్ని మనం అడగకపోతే, మనం హేతువాదులం అని ఎవరికి చెప్పుకుంటాం?